మూలకం, సమ్మేళనం, మిశ్రమం

రసాయన శాస్త్రం పదార్థాలను మూడు రకాలుగా చూస్తుంది. ఒకే రకం పరమాణువులతో ఏర్పడింది మూలకం. రెండు లేదా అంతకు మించిన మూలకాలు స్థిరమైన నిష్పత్తిలో రసాయనికంగా కలిసి ఏర్పడింది సమ్మేళనం. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సంయోగ పదార్థం అంటారు. మూలకాలో సమ్మేళనాలో తమ గుణాలను పోగొట్టుకోకుండా, ఇంత అని లెక్క లేకుండా కలిసి ఉంటే అది మిశ్రమం. మొదటి రెండింటికీ కలిపి శుద్ధ పదార్థాలని పేరు. బంగారం, ఇనుము, గంధకం, ఆక్సిజన్ మూలకాలు. నీరు, ఉప్పు, పంచదార, సున్నం సమ్మేళనాలు. గాలి, సముద్రపు నీరు, పాలు, ఇత్తడి, మట్టి మిశ్రమాలు.

నిర్వచనాలు ఇంత తేలిగ్గా చెప్పగలిగినా, ఒక పదార్థాన్ని చేతిలో పెట్టి ఇదేమిటో చెప్పమంటే కంటిచూపుతో తేల్చలేం. తెల్లటి పొడి సమ్మేళనం కావచ్చు, నాలుగైదు సమ్మేళనాల మిశ్రమం కావచ్చు. మెరిసే లోహం మూలకం కావచ్చు, మిశ్రలోహం కావచ్చు. దాన్ని విడగొట్టడానికి ఏం చేయాల్సి వస్తుందన్నదే తేల్చే ప్రశ్న. వడపోత, ఎండబెట్టడం, అయస్కాంతం, మరిగించి ఆవిరిని చల్లార్చడం వంటి భౌతిక పద్ధతులకు లొంగితే మిశ్రమం. వాటికి లొంగకుండా, రసాయన చర్యతోనో విద్యుత్తుతోనో వేరే గుణాలున్న కొత్త పదార్థాలుగా విడిపోతే సమ్మేళనం. దేనికీ విడిపోకపోతే మూలకం. చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది. విడిపోలేదన్న తీర్పు ఆనాటికి చేతిలో ఉన్న పనిముట్లను బట్టి ఇచ్చింది. మెరుగైన పనిముట్టు వచ్చినప్పుడల్లా పాత తీర్పుల్లో కొన్ని తిరగబడుతూ వచ్చాయి.

సున్నం మూలకంగా ఉన్న రోజులు

భూమి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగింటితోనే సర్వమూ ఏర్పడిందన్న గ్రీకుల నమ్మకాన్నీ, ఉప్పు, గంధకం, పాదరసం మూడే మూలాలన్న రసవాదుల వాదాన్నీ 1661లో రాబర్ట్ బాయిల్ ‘ద స్కెప్టికల్ కిమిస్ట్’లో గట్టిగా ప్రశ్నించాడు. మన పంచభూతాలకు కూడా ఈ అర్థంలో మూలకాల హోదా దక్కదు. వాటిలో నీరు సమ్మేళనం, గాలి మిశ్రమం, నేల లెక్కలేనన్ని ఖనిజాల మిశ్రమం, నిప్పు అసలు పదార్థమే కాదు. ఆ తత్వచింతన అడిగిన ప్రశ్నలు వేరు. దాన్ని రసాయన శాస్త్రంతో బలవంతంగా ముడిపెట్టడం రెండింటికీ అన్యాయమే.

బాయిల్ ప్రశ్నించాడు గానీ మూలకాల జాబితా ఇవ్వలేదు. ఆ పని 1789లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ లావోయిజె చేశాడు. ఏ పద్ధతిలోనూ ఇంకా చిన్న పదార్థాలుగా విడగొట్టలేకపోయిన ప్రతిదాన్నీ ప్రస్తుతానికి మూలకం అనుకుందామన్నది అతని సూత్రం. అలా 33 పేర్లు చేరాయి. ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్, గంధకం, భాస్వరం, బంగారం, ఇనుము లాంటివి నేటికీ నిలిచాయి. వాటి పక్కనే కాంతి, ఉష్ణం కూడా మూలకాలుగా కూర్చున్నాయి. జాబితా చివర ‘మట్టి’ జాతివని ఐదు పదార్థాలు: సున్నం, మెగ్నీషియా, బెరైటా, అల్యూమినా, సిలికా.

సున్నాన్ని మూలకమనడం ఈనాడు వింతగా ఉన్నా, ఆనాటి తర్కంలో తప్పు లేదు. సున్నపు బట్టీలో సున్నపురాయిని కాల్చినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే ఇది తెలుస్తుంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి పూర్తిగా కాలితే 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. మిగతా 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తాయి. కాబట్టి సున్నపురాయి సమ్మేళనమని రుజువైనట్టే. మిగిలిన సున్నాన్ని మాత్రం ఎంత కాల్చినా ఇంకేమీ బయటికి రాదు. బొగ్గుతో కలిపి ఆనాటి కొలిమిలో పెట్టినా లోహం దిగదు. ఆనాటి నిప్పుకు సున్నమే ఆఖరి మెట్టు. అయితే ఈ ‘మట్టి’ జాతి పదార్థాలు ఎప్పటికైనా లోహపు ఆక్సైడ్లుగా తేలవచ్చని లావోయిజె స్వయంగా అనుమానించాడు.

ఆ అనుమానం నిజమైంది. 1800లో వోల్టా విద్యుత్ ఘటాన్ని లోకానికి వెల్లడించాడు. అదే సంవత్సరం నికల్సన్, కార్లైల్ దానితో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టారు. 1807లో హంఫ్రీ డేవీ కరిగిన క్షారాల గుండా విద్యుత్తు పంపి పొటాషియం, సోడియం లోహాలను తీశాడు. మరుసటేడు సున్నం, మెగ్నీషియా, బెరైటాలు కూడా అతనికి లొంగాయి. పాదరసం సాయంతో విద్యుద్విశ్లేషణ జరిపి, ఆ పాదరసాన్ని మరిగించి పోగొడితే కాల్షియం, మెగ్నీషియం, బేరియం లోహాలు మిగిలాయి. సిలికా, అల్యూమినాల నుంచి సిలికాన్, అల్యూమినియం 1820ల్లో బయటపడ్డాయి.

ఈ ఐదింటిలో బెరైటాకు తెలుగు నేలతో దగ్గరి సంబంధం ఉంది. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో దొరికే ముగ్గురాయి బేరియం సల్ఫేట్. ప్రపంచంలోనే అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో అదొకటి. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం ఆ రాతి పొడిని కలుపుతారు. ముగ్గురాయి బేరియం, గంధకం, ఆక్సిజన్ల సమ్మేళనం. లావోయిజె మూలకమనుకున్న బెరైటా బేరియం, ఆక్సిజన్ల సమ్మేళనం.

ఎదురు దిక్కులో తిరగబడిన తీర్పు కూడా ఒకటుంది. 1774లో షీలే తయారు చేసిన ఆకుపచ్చ పసుపు వాయువులో ఆక్సిజన్ ఉందని, అది సమ్మేళనమని దశాబ్దాలపాటు నమ్మారు. ఎర్రగా కాల్చిన బొగ్గుతో కూడా అందులోంచి ఆక్సిజన్ రాబట్టలేకపోయిన డేవీ, 1810లో అది మూలకమేనని ప్రకటించి క్లోరిన్ అని పేరు పెట్టాడు.

సమ్మేళనానికి లెక్క ఉంటుంది

సమ్మేళనానికీ మిశ్రమానికీ మధ్య గీత గీసింది ఒక వాదం. ఫ్రాన్స్‌లో పుట్టి స్పెయిన్‌లో పనిచేసిన జోసెఫ్ ప్రౌస్ట్ 1790ల్లో రాగి కార్బనేటును తూచి చూశాడు. ప్రయోగశాలలో చేసినదైనా, గనిలో దొరికినదైనా అందులో రాగి, కార్బన్, ఆక్సిజన్ల బరువుల నిష్పత్తి ఒక్కటే. ఏ సమ్మేళనానికైనా ఇంతేనని, మధ్యస్థంగా ఉండటం ప్రకృతిలో లేదని అతను వాదించాడు. అప్పటికే ఎంతో పేరున్న క్లోద్ బెర్తొలె ఒప్పుకోలేదు. తయారీ పరిస్థితులను బట్టి నిష్పత్తి మారుతుందంటూ మిశ్రలోహాలు, గాజు, ద్రావణాలు, కొన్ని లోహపు ఆక్సైడ్లు సాక్ష్యంగా చూపాడు. దాదాపు ఎనిమిదేళ్లు సాగిన ఈ వాదంలో ఇద్దరూ మర్యాద తప్పలేదని రసాయన శాస్త్ర చరిత్రకారులు మెచ్చుకుంటూ రాస్తారు. ప్రౌస్ట్ ఆ సాక్ష్యాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, ఇవి సమ్మేళనాలు కావు, మిశ్రమాలని, ఆ ఆక్సైడ్లు ఒకే లోహానికున్న రెండు వేర్వేరు ఆక్సైడ్ల కలయికలని చూపించాడు. మనం ఈనాడు పాఠాల్లో చెప్పే తేడా ఈ వాదంలోనే పదును తేలింది. 1808లో జాన్ డాల్టన్ పుస్తకంతో ఇందుకు కారణం దొరికింది. పరమాణువులు ముక్కలుగా కాక పూర్తిగానే చేరతాయి కాబట్టి బరువుల నిష్పత్తి మారదు.

ఉదాహరణకు 100 గ్రాముల శుద్ధమైన ఉప్పులో 39.3 గ్రాముల సోడియం, 60.7 గ్రాముల క్లోరిన్ ఉంటాయి. అది సముద్రపు ఉప్పా, కొండల్లో తవ్విన సైంధవ లవణమా, ప్రయోగశాలలో చేసినదా అన్నదానితో పనిలేదు. సైంధవ లవణానికున్న గులాబీ రంగు అందులో కలిసిన మలినాలది, ఉప్పుది కాదు. నీటిలో ప్రతి గ్రాము హైడ్రోజన్‌కు దాదాపు 8 గ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అవే రెండు మూలకాలు ఒకటికి 16 చొప్పున కలిస్తే గాయాలు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. 8కీ 16కీ మధ్య పదో, పన్నెండో ఉండే సమ్మేళనం లేదు. ఆ రెండింటినీ కలిపి పన్నెండు తెప్పించవచ్చు గానీ అది మిశ్రమం అవుతుంది.

సమ్మేళనంలో మూలకాల గుణాలు మిగలవు. నీటిలో వేస్తే మండిపడే సోడియం, ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ కలిసి కూరలో వేసుకునే ఉప్పవుతాయి. బడుల్లో దీన్ని చూపడానికి ఇనుప రజను, గంధకం ప్రయోగం చేస్తారు. 7 పాళ్ల ఇనుము, 4 పాళ్ల గంధకం కలిపితే అది మిశ్రమం. అయస్కాంతం పెడితే ఇనుము వచ్చేస్తుంది. వేడి చేస్తే ఒకచోట ఎర్రగా రాజుకుని, దీపం తీసేసినా తన వేడితోనే చివరికంటా పాకి, నల్లటి ఐరన్ సల్ఫైడ్ ముద్ద తయారవుతుంది. దానికి అయస్కాంతం అంటుకోదని పుస్తకాల్లో ఉంటుంది. నిజానికి చర్యలో పాల్గొనని ఇనుము కొంత మిగిలిపోతే ముద్ద అయస్కాంతానికి అంటుకుంటూనే ఉంటుంది. పుస్తకం చెప్పినట్టు రాలేదని పిల్లలు కంగారుపడతారు. సజల ఆమ్లం చుక్కలు వేసి చూడటం ఇంతకన్నా నమ్మదగిన పరీక్ష. మిశ్రమంలోని ఇనుము హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. సమ్మేళనం కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. ఆ వాయువు విషం కనుక గాలి ఆడేచోటే ఈ పని చేయాలి.

అణువు ఉంటే సమ్మేళనమే అనుకోవడం విద్యార్థుల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు. ఆక్సిజన్ అణువులో రెండు, భాస్వరం అణువులో నాలుగు, గంధకం అణువులో ఎనిమిది పరమాణువులున్నా అన్నీ ఒకే రకానివి గనుక ఇవి మూలకాలే. ఉప్పులో విడి అణువులే లేవు, అయినా సమ్మేళనం. ఇంకో మెలిక ఉంది. ఆక్సిజన్, ఓజోన్ రెండూ ఒకే మూలకపు రూపాలు. ఆ రెండు వాయువులు కలిసి ఉంటే అది ఒకే మూలకంతో ఏర్పడిన మిశ్రమం! వజ్రం, గ్రాఫైట్ కూడా ఇలాంటి జంటే. 1772లో లావోయిజె వజ్రాన్ని కాల్చి చూపాడు. 1797లో స్మిత్‌సన్ టెనెంట్ వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి వజ్రం కార్బన్ తప్ప మరేం కాదని తేల్చాడు. అయితే చాలా వజ్రాల్లో కొద్దిగా నైట్రోజన్ దూరి ఉంటుంది. కృష్ణా తీరపు కొల్లూరు వంటి గనుల నుంచి వచ్చి గోల్కొండ వజ్రాలుగా పేరుపడ్డవాటిలో అనేకం నైట్రోజన్ దాదాపు లేని అరుదైన రకానివి.

మిశ్రమాలు, విడదీసే దారులు

మిశ్రమాల్లో అంతటా ఒకేలా ఉండేవి సజాతీయం: ఉప్పునీరు, గాలి, ఇత్తడి. భాగాలు వేరుగా తెలిసేవి విజాతీయం: ఇసుక కలిసిన నీరు, నూనె తేలే చారు, గ్రానైట్ రాయి. ఈ రెంటి మధ్య ఉండేవి కాంజికాభాలు, అంటే కొల్లాయిడ్లు. పాలు కంటికి ఏకరూపంగా కనిపించినా సూక్ష్మదర్శిని కింద నీటిలో తేలే కొవ్వు బిందువులు తెలుస్తాయి. 1857లో మైకేల్ ఫారడే బంగారపు అతిసూక్ష్మ కణాలతో కెంపు రంగు ద్రవం చేశాడు. చూడటానికి ద్రావణంలా ఉన్నా, దాని గుండా కాంతిపుంజం పోనిస్తే దారి మెరుస్తుంది. అసలు ద్రావణంలో ఆ దారి కనపడదు. 1861లో థామస్ గ్రాహం ఈ జాతికి కొల్లాయిడ్ అని పేరు పెట్టాడు. వరద గోదావరి నీటిని ఎంతసేపు కదలకుండా ఉంచినా పూర్తిగా తేరుకోకపోవడానికి ఇలాంటి బంకమట్టి కణాలే కారణం. ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ అవి కిందికి దిగవు. పటిక ముక్క తిప్పినా, చిల్లగింజ అరగదీసి కలిపినా ఆ కణాలు ఒకచోట చేరి అడుగుకు దిగుతాయి.

విడదీసే పద్ధతులన్నీ భాగాల మధ్య ఉన్న ఏదో ఒక భౌతిక గుణపు తేడాను పట్టుకుని నడుస్తాయి. పరిమాణంలో తేడా ఉంటే వడపోత, బరువులో ఉంటే చెరగడం, తేర్చడం, అపకేంద్ర యంత్రం. మరుగు స్థానంలో ఉంటే స్వేదనం. కర్పూరం లాంటిదైతే ఉత్పతనం. సిరాలోని రంగులు కాగితం మీద పైకి పాకే వేగాల తేడాతో విడిపోవడం క్రొమటోగ్రఫీ.

వీటిలో కరుగుదలలోని తేడాను శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో పెద్ద ఎత్తున చూడవచ్చు. సముద్రపు నీటిలో లవణాలు బరువులో సుమారు 3.5 శాతం. మడి నుంచి మడికి నీరు పారుతూ, ఎండకూ గాలికీ చిక్కబడే కొద్దీ ముందుగా కాల్షియం కార్బనేట్, తర్వాత జిప్సం అడుగుకు దిగుతాయి. ఆ తర్వాతి మడుల్లో ఉప్పు గళ్లు కడుతుంది. చివర మెగ్నీషియం లవణాలతో చేదెక్కిన నీరు మిగులుతుంది. దాన్ని సకాలంలో తీసేయకపోతే ఉప్పులో చేదు, చెమ్మ చేరతాయి. మిశ్రమంలోని ఒక్కో సమ్మేళనం తన వంతు వచ్చినప్పుడు విడిపోవడమే ఇక్కడ జరిగేది. ఉప్పును సోడియం, క్లోరిన్‌లుగా మాత్రం ఏ ఎండా విడగొట్టలేదు. దానికి కరిగించిన ఉప్పు గుండా విద్యుత్తు పోవాల్సిందే.

గాలి సంగతి

గాలి మిశ్రమమని ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. రుజువు అడిగితే తడబడతాం. 19వ శతాబ్దం తొలినాళ్లలో గాలిని సమ్మేళనంగా అనుమానించడానికి బలమైన కారణమే ఉంది: ఎక్కడ కొలిచినా అందులో ఆక్సిజన్ వాటా ఒక్కటే. 1804 సెప్టెంబరులో గే-లుసాక్ బెలూన్‌లో ఒంటరిగా 7,000 మీటర్ల ఎత్తుకు వెళ్లి సీసాలో గాలి నింపుకొచ్చాడు. అక్కడి ఆక్సిజన్ వాటా పారిస్ వీధిలోని గాలిలో ఉన్నంతే. నిష్పత్తి స్థిరంగా ఉందంటే సమ్మేళనం అన్న ప్రౌస్ట్ సూత్రాన్ని తిరగేసి వాడితే గాలి సమ్మేళనమే అవ్వాలి. కానీ నిష్పత్తి మారకపోవడం సమ్మేళనం లక్షణమే తప్ప, అదొక్కటే రుజువు కాదు. గాలి విషయంలో ఆ స్థిరత్వం పవనాలు కలియబెట్టడం వల్ల వచ్చింది.

మిగతా సాక్ష్యాలన్నీ మిశ్రమం వైపే నిలిచాయి. నైట్రోజన్, ఆక్సిజన్‌లను ఆ పాళ్లలో కలిపితే వేడి పుట్టదు, చల్లబడదు, అయినా వచ్చింది అచ్చం గాలే. సూక్ష్మంగా కొలిచే పద్ధతులు వచ్చాక ఆక్సిజన్ వాటాలో చిన్న చిన్న తేడాలూ బయటపడ్డాయి. అన్నిటికంటే తేలికైన రుజువు నీటిలో ఉంది. నీటిలో కరిగిన గాలిని మరిగించి పట్టి కొలిస్తే అందులో ఆక్సిజన్ ఐదో వంతు కాదు, సుమారు మూడో వంతు. ఆక్సిజన్ నైట్రోజన్ కంటే ఎక్కువగా కరుగుతుంది గనుక దాని వాటా పెరిగింది. గాలి సమ్మేళనమైతే అలా పాళ్లు మార్చుకుని కరగదు. చేపలు బతికేది ఇలా కరిగిన ఆక్సిజన్ మీదే.

గాలిని ద్రవంగా మార్చి నెమ్మదిగా మరగనిస్తే మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర నైట్రోజన్, మైనస్ 186 దగ్గర ఆర్గాన్, మైనస్ 183 దగ్గర ఆక్సిజన్ విడిపోతాయి. ఉక్కు కర్మాగారాలకు ఆక్సిజన్ ఇలాగే తయారవుతుంది. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో అల ముదిరినప్పుడు మహారాష్ట్రకు వెళ్లిన మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ట్యాంకర్లు నింపుకున్నది విశాఖ ఉక్కు కర్మాగారంలోనే. గాలి మిశ్రమం కాబట్టే అది సాధ్యమైంది; అదే ఆక్సిజన్‌ను నీటిని విడగొట్టి తెచ్చుకోవాలంటే విద్యుత్ ఖర్చు ఎన్నో రెట్లు పడుతుంది.

గాలి దాచిన ఇంకో సంగతి ఉంది. 1890ల మొదట్లో లార్డ్ రేలీ నైట్రోజన్‌ను తూస్తుంటే లెక్క కుదరలేదు. గాలిలోంచి ఆక్సిజన్ వగైరా తీసేశాక మిగిలిన నైట్రోజన్ లీటరుకు సుమారు 1.257 గ్రాములు తూగుతోంది. నైట్రోజన్ సమ్మేళనాల నుంచి తీసింది సుమారు 1.251 గ్రాములే. అర శాతం తేడాను తూకం తప్పని కొట్టిపారేయకుండా, రేలీ విలియం రామ్సేతో కలిసి కారణం వెతికాడు. 1894లో ఆర్గాన్ దొరికింది. గాలిలో దాని వాటా 0.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైనే. 1785లో హెన్రీ కావెండిష్ గాలిలోని నైట్రోజన్‌నంతా చర్యలో ఖర్చు చేసినా ఒక చిన్న బుడగ మిగిలిపోతోందని రాసిపెట్టాడు. ఆ బుడగ ఆర్గానే. శుద్ధమైన మూలకమని వందేళ్లు తూచిన ‘నైట్రోజన్’ నిజానికి రెండు మూలకాల మిశ్రమం.

పరీక్షలను మోసగించేవి

శుద్ధ పదార్థానికి స్థిరమైన ద్రవీభవన స్థానం, మరుగు స్థానం ఉంటాయని, మిశ్రమం ఒక వ్యవధిలో కరుగుతుందని, మరుగుతుందని చెబుతారు. ఈ పరీక్ష చాలావరకు నమ్మదగినదే. కానీ రేడియో మెకానిక్కులు వాడే టంకంలో తగరం 63, సీసం 37 పాళ్లుంటే, అది శుద్ధ లోహం లాగే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. విడిగా తగరం 232 డిగ్రీలకు, సీసం 327 డిగ్రీలకు కరుగుతాయి. మద్యసారం, నీటి మిశ్రమాన్ని ఎంత జాగ్రత్తగా స్వేదనం చేసినా మద్యసారం బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోయి, మిశ్రమమంతా కలిసి 78.2 డిగ్రీల దగ్గర మరుగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ ఇంతే. సుమారు 20 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఇది ఆమ్లానికీ నీటికీ పుట్టిన సమ్మేళనమని కొందరు వాదించారు. 1860 ప్రాంతంలో హెన్రీ రాస్కో పీడనం మార్చి మరిగించి చూశాడు. పీడనంతో పాటు ఆ నిష్పత్తీ మారింది. సమ్మేళనం పీడనాన్ని చూసి పాళ్లు మార్చుకోదు గనుక అది మిశ్రమమే.

నగల బంగారం కూడా ఇలాంటిదే. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. ఎక్కడ గీసినా ఒకేలా ఉండే సజాతీయ మిశ్రమం. గీటురాయి మీద గీత రంగు చూసి, ఆమ్లం చుక్క వేసి మాలిన్యం పసిగట్టే కంసాలి నైపుణ్యం గొప్పదే గానీ, ఇప్పుడు దుకాణాల్లో క్యారెట్ మీటర్ నగను కరిగించకుండా, గీయకుండా లెక్క చెప్పేస్తుంది. దాని వెనకున్న శాస్త్రం మూలకం నిర్వచనాన్నే మార్చేసింది.

విడగొట్టకుండా గుర్తుపట్టడం

మూలకాన్ని వేరుచేయకుండానే ఆనవాలు పట్టే దారి 1860 ప్రాంతంలో బున్సెన్, కిర్చాఫ్‌ల వర్ణపట దర్శినితో తెరుచుకుంది. మంటలో పెట్టిన ప్రతి మూలకం తనవైన రంగు గీతలు చూపుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు తీరం మీదుగా సాగినప్పుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో సూర్యుడి అంచుల నుంచి ఎగసే జ్వాలల వర్ణపటాన్ని చూశారు. ఆ గ్రహణ పరిశీలనల్లో కనిపించిన పసుపు గీతను చాలామంది సోడియానిదే అనుకున్నారు. అదే ఏడాది చివర్లో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ గ్రహణం లేకుండానే దాన్ని కొలిచి సోడియం గీతతో సరిపోవడం లేదని చూపాడు. భూమి మీద ఎవరూ చూడని ఆ మూలకానికి హీలియం అన్న పేరు వచ్చింది. 1895లో రామ్సే యురేనియం ఖనిజం నుంచి దాన్ని బయటికి తీసేదాకా కొందరు నమ్మలేదు.

1913లో హెన్రీ మోస్లీ ఎక్స్ కిరణాలతో ఇంకా లోతుకు వెళ్లాడు. ప్రతి మూలకం విడుదల చేసే ఎక్స్ కిరణాల పౌనఃపున్యం దాని పరమాణు సంఖ్యను, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ల సంఖ్యను సూటిగా చెబుతుందని చూపాడు. క్యారెట్ మీటర్ వెనకున్నది ఈ శాస్త్రమే. రెండేళ్లకే, 27 ఏళ్ల వయసులో, గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. అప్పటినుంచి మూలకం అంటే విడగొట్టలేనిది అన్న పాత నిర్వచనం వెనక్కి పోయి, ఒకే ప్రోటాన్ల సంఖ్య ఉన్న పరమాణువుల సముదాయం అన్నది స్థిరపడింది. ఇప్పుడు గుర్తింపు పొందిన మూలకాలు 118. ఆఖరిదైన ఓగనెసాన్ పరమాణువులు కొన్నే తయారయ్యాయి. అవీ మిల్లీసెకనులోపే క్షీణించిపోయాయి. వాటిని ఆమ్లంలో వేసి పరీక్షించే ప్రశ్నే లేదు; ప్రోటాన్ల లెక్కే వాటి చిరునామా.

మోస్లీ పద్ధతి పాత మోసాలనూ పట్టించింది. 1789లో క్లాప్రోత్ కనుగొన్న జిర్కోనియంలో 134 ఏళ్లపాటు మరో మూలకం దాక్కుని ఉంది. రెండింటి రసాయన గుణాలు, అయాన్ల పరిమాణం దాదాపు ఒక్కటే కావడంతో ఏ అవక్షేపమూ, ఏ స్ఫటికీకరణమూ తేడా చూపలేదు. 1923లో కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెసీ జిర్కాన్ ఖనిజం ఎక్స్ కిరణ వర్ణపటంలో 72వ మూలకం గీతలు గుర్తించారు. అదే హాఫ్నియం. అప్పటిదాకా పట్టికల్లో ఉన్న జిర్కోనియం పరమాణు భారం నిజానికి మిశ్రమానిది.

ఇది వట్టి పుస్తకాల సంగతి కాదు. హైదరాబాదులో 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ రోజూ ఎదుర్కొనే పని. అణు ఇంధనాన్ని నింపే గొట్టాలు జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు. ఆ లోహం న్యూట్రాన్లను దాదాపు పీల్చుకోదు. హాఫ్నియం మాత్రం ఐదు వందల రెట్లకు పైగా పీల్చుకుంటుంది. ఖనిజంలో జిర్కోనియంతో పాటు నూటికి ఒకటి రెండు పాళ్లు ఉండే ఆ హాఫ్నియాన్ని ద్రావణి నిష్కర్షణతో, అంటే నీటి ద్రావణాన్ని ఒక సేంద్రియ ద్రవంతో పదేపదే కలిపి విడదీస్తూ, పది లక్షల్లో వంద పాళ్ల కంటే దిగువకు తెస్తారు.

శుద్ధమైన నీరూ మిశ్రమమే

1913లోనే ఫ్రెడరిక్ సాడీ ఐసోటోపుల ఆలోచన ప్రవేశపెట్టాడు. ఒకే మూలకపు పరమాణువులన్నీ ఒకే బరువుండవు. ప్రోటాన్లు సమానమే, న్యూట్రాన్ల సంఖ్య వేరు. బంగారం, సోడియం, అల్యూమినియం, ఫ్లోరిన్ లాంటి కొన్నిటికే ఒక్క స్థిర ఐసోటోపు ఉంది. మిగతా చాలా మూలకాలు ఐసోటోపుల మిశ్రమాలు. ఎన్నిసార్లు స్వేదనం చేసినా నీటిలో ప్రతి ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక డ్యుటీరియం పరమాణువు ఉంటుంది. గోదావరి తీరంలోని మణుగూరు భారజల కర్మాగారం సరిగ్గా దాన్నే ఏరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును నీటితో వేడి, చల్లని గోపురాల్లో పదేపదే కలిపితే డ్యుటీరియం కొంచెం కొంచెంగా ఒకవైపు చేరుతుంది. చివరికి వచ్చే భారజలం సాధారణ నీటికంటే 11 శాతం సాంద్రమైనది, 3.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టి, 101.4 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రసాయన శాస్త్రం మాత్రం ఈ రెండిటినీ వేర్వేరు సమ్మేళనాలుగా విడదీయకుండా నీరనే పిలుస్తుంది. ఇది సౌకర్యం కోసం చేసుకున్న ఒప్పందం. హైడ్రోజన్ విషయంలో ఆ ఒప్పందం కొంచెం బిగుతుగానే ఉంటుంది. బరువైన మూలకాల్లో ఐసోటోపుల తేడా రసాయన చర్యల్లో దాదాపు కనిపించదు.

గీతకు అటూ ఇటూ

కొన్ని పదార్థాలు ఈ మూడింటిలో దేనికీ పూర్తిగా చెందవు. రాగి, జింకులు కలిసిన ఇత్తడి మామూలుగా మిశ్రమం. కానీ జింకు వాటా పెరిగే కొద్దీ పరమాణువులు నిర్దిష్టమైన అమరికలో కూర్చునే దశలు వస్తాయి. అవి పాక్షికంగా సమ్మేళనాల్లా ప్రవర్తిస్తాయి. గాజుకు స్థిర నిష్పత్తి లేదు, అయినా అందులోని సిలికా, సోడియం, కాల్షియం ఆక్సైడ్ల మధ్య ఉన్నవి రసాయన బంధాలే. భౌతిక పద్ధతిలో వాటిని విడదీయలేం.

వీటన్నిటిలో చెప్పుకోదగ్గది వుస్టైట్ అనే ఐరన్ ఆక్సైడ్. పుస్తకాల సూత్రం ప్రకారం ఒక ఇనుము పరమాణువుకు ఒక ఆక్సిజన్ ఉండాలి. వాస్తవంలో ప్రతి వంద ఆక్సిజన్ పరమాణువులకు ఇనుము సుమారు 95, తయారీ ఉష్ణోగ్రతను బట్టి ఇంకా తక్కువే ఉంటుంది. స్ఫటికంలో ఇనుము ఉండాల్సిన చోట్లు కొన్ని ఖాళీగా మిగలడం, ఆ లోటును పూడ్చడానికి మరికొన్ని ఇనుము అయాన్లు ఎక్కువ ఆవేశం పొందడం ఇందుకు కారణం. ఒకే స్ఫటిక నిర్మాణం, ఒకే రకం గుణాలు, మారే నిష్పత్తి: బెర్తొలె చెప్పిన సమ్మేళనం అచ్చం ఇలాంటిదే. అతను చూపిన సాక్ష్యాలు తప్పు గానీ ఆలోచనకు చోటుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో రష్యా శాస్త్రవేత్త కుర్నకోవ్ ఇలాంటి సమ్మేళనాలకు బెర్తొలైడ్లని, స్థిర నిష్పత్తి ఉన్నవాటికి డాల్టనైడ్లని పేరు పెట్టాడు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుప ఖనిజం లోహంగా మారే దారిలో హెమటైట్, మాగ్నటైట్ దశలు దాటాక, ఇనుము దిగడానికి ముందు వచ్చేది ఈ వుస్టైటే.